సిరామిక్ సర్క్యూట్ పలకలోకి చెమ్మ ఎక్కడ దూరుతుంది?

[తెరపై: చెమ్మగిల్లిన మట్టికుండ]

కుండలో నీళ్ళు చల్లబడేది దాని గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు ఊరి ఆవిరవడం వల్ల. సర్క్యూట్‌ను మోసే సిరామిక్ పలకలో అవే రంధ్రాలు మిగిలితే మాత్రం కష్టం.

[తెరపై: ఎల్‌టీసీసీ ముక్క అడ్డుకోత]

ఇది ఎల్‌టీసీసీ, అంటే తక్కువ వేడికి కాల్చే సిరామిక్. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొరలు గట్టిపడాలంటే 1600 డిగ్రీల దాకా కావాలి. వెండి 962 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి అక్కడ కరెంటు మోసే గీతలకు టంగ్‌స్టన్ లాంటి లోహం తప్పదు. అల్యూమినాకు గాజుపొడి కలిపితే 850–900 డిగ్రీలు చాలు, లోపల వెండి గీతలు నిలుస్తాయి.

[తెరపై: పచ్చి టేపు, వయాలు, ప్రెస్]

పచ్చి టేపుకు, అంటే ఇంకా కాల్చని మెత్తని సిరామిక్ పొరకు, వయాలు (పొరల్ని కలిపే సన్నని రంధ్రాలు) పొడిచి, వెండి పేస్ట్ నింపి, గీతలు ప్రింట్ చేసి, పొరలు పేరుస్తారు. 70 డిగ్రీల దగ్గర, 200 బార్ ఒత్తిడితో పది నిమిషాలు నొక్కుతారు. కాల్చాక అడ్డంగా 13 శాతం దాకా కుంచించుకుపోతుంది. 100 మిల్లీమీటర్లు రావాలంటే 115 దగ్గర గీసుకోవాలి.

[తెరపై: ఫర్నేస్ ఉష్ణోగ్రత గ్రాఫ్, 450 దగ్గర గుర్తు]

ఇక్కడ తొందరపడకండి. టేపులో పొడిని పట్టి ఉంచే జిగురు, అంటే బైండర్, 450 డిగ్రీలలోపే పూర్తిగా కాలిపోవాలి. నిమిషానికి రెండు మూడు డిగ్రీల చొప్పున పెంచుతూ, గాలి ఆడేలా చూస్తూ, గంట రెండు గంటలు అక్కడే నిలపాలి. పొరలు ఎక్కువైతే ఇంకా ఎక్కువసేపు. తొందరపడితే గాజు మెత్తబడి దారులు మూసేస్తుంది. కార్బన్, వాయువు లోపలే చిక్కుకుని పలక నల్లబడుతుంది, పొక్కులొస్తాయి. పైన 850 దగ్గర నిలిపే సమయం తగ్గిస్తే గాజు సందుల్లోకి పారదు. చెమ్మ దూరే రంధ్రాలు అప్పుడే మిగులుతాయి.

[తెరపై: రెండు వెండి గీతల మధ్య కొమ్మలు]

చెమ్మ, డీసీ వోల్టేజ్ కలిస్తే వెండికి గండం. ప్లస్ వైపు వెండి కరిగి అయాన్లవుతుంది, మైనస్ వైపు చేరి చెట్టుకొమ్మల్లా పెరిగి రెండింటినీ కలిపేస్తుంది. గీతల మధ్య నీటిచుక్క ఉంటే నిమిషాల్లోనే షార్ట్. అందుకే స్వచ్ఛమైన వెండిని లోపలి పొరలకే ఉంచి, పైన పెల్లాడియం కలిపిన వెండి వాడాలి. గీతల మధ్య దూరం పెంచి, ఓవర్‌గ్లేజ్ (పైన కప్పే గాజు పూత) పూయాలి. టంకం వేశాక, అది పట్టడానికి రాసిన ఫ్లక్స్ మరకలు కడగనిదే ఏ పూతా వేయకూడదు. అందులోని క్లోరైడ్ ఈ పని ఇంకా వేగంగా చేస్తుంది. గాజులో సోడియం, పొటాషియం తక్కువగా ఉండేలా ఎంచుకోవాలి. చెమ్మ తగిలితే అవి కదిలి ఇన్సులేషన్‌ను పలచన చేస్తాయి.

[తెరపై: ఎర్ర సిరా, తేమ ఛాంబర్]

పలకకు ఎర్ర సిరా పట్టించి కడగండి. మరక నిలిస్తే రంధ్రాలు తెరుచుకుని ఉన్నట్టే. తర్వాత 85 డిగ్రీలు, 85 శాతం తేమలో 1000 గంటలు, వోల్టేజ్ ఇచ్చే ఉంచాలి. ఇన్సులేషన్ నిరోధాన్ని ఛాంబర్‌లో ఉండగానే కొలవండి. బయటికి తీసి ఆరనిస్తే పడిపోయిన నిరోధం మళ్ళీ పైకొచ్చి, చెడిన పలక కూడా మంచిదానిలా కనిపిస్తుంది.