చేతులు మారే ఎల్‌సీ: మధ్యవర్తి లాభం, సరఫరాదారు భద్రత

సభకు నమస్కారం.

విదేశీ కొనుగోలుదారు నుంచి ఆర్డరు సంపాదించిన వ్యాపారికి సొంత ఫ్యాక్టరీ గానీ, సరుకు కొనడానికి చాలినంత పెట్టుబడి గానీ ఉండకపోవచ్చు. సరుకు తయారుచేసేవారు వేరొకరైనప్పుడు, డబ్బు వస్తుందన్న భరోసా లేకుండా వారు పని మొదలుపెట్టరు. ఇలాంటి సందర్భాల్లోనే, కొనుగోలుదారు బ్యాంకు తెరిచిన లెటర్ ఆఫ్ క్రెడిట్‌ను (ఎల్‌సీ; అంటే అడిగిన పత్రాలు సరిగ్గా సమర్పిస్తే డబ్బు చెల్లిస్తానని బ్యాంకు రాసిచ్చే హామీ) పూర్తిగానో కొంతమేరకో సరఫరాదారు పేరిట బదిలీ చేయిస్తారు. అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందించి, 2007 జులై 1 నుంచి అమలులోకి తెచ్చిన ఎల్‌సీల నియమావళి, యూసీపీ 600 నిబంధనల్లోని 38వ అధికరణం ఈ బదిలీకి ఆధారం.

ఎల్‌సీలో ‘ట్రాన్స్‌ఫరబుల్’ అని స్పష్టంగా రాసి ఉంటేనే బదిలీ సాధ్యం. అలా రాసి ఉన్నా, తాను ఒప్పుకున్న మేరకు, ఒప్పుకున్న పద్ధతిలో తప్ప బదిలీ చేయాల్సిన బాధ్యత బ్యాంకుకు లేదు. కాబట్టి సరఫరాదారుకు మాట ఇవ్వకముందే వ్యాపారి తన బ్యాంకుతో మాట్లాడుకోవడం మంచిది. పాక్షిక చెల్లింపులకు అనుమతి ఉంటే ఒకే ఎల్‌సీని పలువురు సరఫరాదారులకు పంచవచ్చు గానీ, బదిలీ పొందినవారు దాన్ని మరొకరికి బదిలీ చేయించలేరు.

బదిలీ అయ్యే ఎల్‌సీలో షరతులన్నీ మూలంలో ఉన్నట్టే ఉండాలి. అయితే మొత్తాన్ని, యూనిట్ ధరను తగ్గించవచ్చు. ఎల్‌సీ గడువును, పత్రాల సమర్పణ వ్యవధిని, సరుకు రవాణా చివరి తేదీని కుదించవచ్చు. పెంచదగినది బీమా శాతం ఒక్కటే, అందులో ఒక లెక్క ఉంది. లక్ష డాలర్ల ఎల్‌సీ 110 శాతం బీమా కోరిందనుకుందాం; అంటే 1,10,000 డాలర్ల పాలసీ కావాలి. దాన్ని 80,000 డాలర్లకు బదిలీ చేసి, బీమాను 110 శాతంగానే వదిలేస్తే సరఫరాదారు 88,000 డాలర్లకే పాలసీ తెస్తాడు, అసలు ఎల్‌సీ కింద ఆ పత్రం చెల్లదు. అందుకే శాతాన్ని 137.5కు పెంచాలి. ఈ చిన్న లెక్క తప్పితే పత్రాలన్నీ తిరస్కరణకు గురవుతాయి.

అసలు ఘట్టం పత్రాలు వచ్చాక మొదలవుతుంది. సరఫరాదారు తన పత్రాలను బదిలీ చేసిన బ్యాంకుకే సమర్పించాలి. అప్పుడు ఆ బ్యాంకు మధ్యవర్తిని, అంటే ఆర్డరు తెచ్చిన వ్యాపారిని పిలిచి, సరఫరాదారు ఇన్‌వాయిస్‌ (సరుకు ధర చూపే బిల్లు) తీసి తన సొంత ఇన్‌వాయిస్‌ పెట్టుకునే అవకాశమిస్తుంది. రెండింటికీ మధ్య తేడాయే మధ్యవర్తి లాభం. బ్యాంకు మొదటిసారి అడిగినప్పుడే ఇన్‌వాయిస్‌ ఇవ్వకపోతే, లేదా ఇచ్చినదాంట్లో కొత్త లోపాలుండి వెంటనే దిద్దకపోతే, సరఫరాదారు పత్రాలను వచ్చినవి వచ్చినట్టే జారీ బ్యాంకుకు (ఎల్‌సీ తెరిచిన బ్యాంకుకు) పంపేసే హక్కు బ్యాంకుకు ఉంది. అప్పుడు సరఫరాదారు పేరు, అసలు ధర కొనుగోలుదారు కంటపడతాయి, మధ్యవర్తికి లాభమూ దక్కదు. ఈ నిబంధన కఠినమే అయినా న్యాయమైనదని నా అభిప్రాయం: సరుకు పంపినవాడి డబ్బు మధ్యవర్తి అలసత్వం వల్ల ఆగిపోకూడదు కదా. గోప్యత కోరుకునేవారు బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ రవాణా సంస్థ ఇచ్చే సరుకు రసీదు), సరుకు ఏ దేశానిదో తెలిపే మూల ధ్రువపత్రం వంటివాటిలో ఎవరి పేర్లు కనిపిస్తాయో కూడా ఎల్‌సీ తెరిచేటప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే మార్చుకునే హక్కు ఇన్‌వాయిస్‌కు, హుండీకి (డబ్బు చెల్లించమని కోరే పత్రానికి) మాత్రమే ఉంది.

ఇక సరఫరాదారు వైపు. బదిలీ చేసినంత మాత్రాన ఆ బ్యాంకు తానే చెల్లిస్తానని హామీ ఇచ్చినట్టు కాదు. చెల్లింపు బాధ్యత జారీ బ్యాంకుదే. అయితే మూల ఎల్‌సీకి వేరొక బ్యాంకు ధ్రువీకరణ (తానూ చెల్లిస్తానన్న హామీ) ఉంటే, అది బదిలీ అయిన ఎల్‌సీకీ వర్తిస్తుంది. అదీగాక, తర్వాత వచ్చే సవరణలను సరఫరాదారుకు తెలపాలా వద్దా అన్నది మధ్యవర్తి బదిలీ దరఖాస్తులోనే చెప్పాలి. తనకు చేరిన ఎల్‌సీలో ఆ షరతు ఎలా రాసి ఉందో, ధ్రువీకరణ ఉందో లేదో సరఫరాదారు సరుకు తయారీ మొదలుపెట్టకముందే చదువుకోవాలి.