ర్యాగ్ అంటే మసిగుడ్డేనా?

అందరికీ నమస్కారం.

పోయిన వారం ఈ లైబ్రరీ మెట్ల మీద మొదటి సంవత్సరం అబ్బాయి ఒకడు నన్ను ఆపాడు. "సార్, ర్యాగ్ అంటే చిరిగిన గుడ్డ కదా! మరి ర్యాగింగ్ అంటే బట్టలు చింపడమా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు. నాకు నవ్వూ రాలేదు, జవాబూ తోచలేదు. ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, ఇంటికెళ్ళి నిఘంటువు తీశాను.

ముందు మన ఇళ్ళు చూద్దాం. చిరిగిన గుడ్డకు మనకు ఒక్క పేరు చాలదు. పొయ్యి మీంచి గిన్నె దించేది మసిగుడ్డ. చంటిబిడ్డకు చుట్టేది పొత్తిగుడ్డ. పాతచీరలు పొరలుగా వేసి కుడితే బొంత. దేనికీ పనికిరాకపోతే పేలిక. మెకానిక్ షెడ్డుకు వెళ్ళండి, చేతులకంటిన గ్రీజు తుడుచుకునేదాన్ని బనియన్ వేస్టు అంటారు. అది బనియన్ల ఊరు తిరుప్పూరు లాంటి చోట్ల మిగిలే కత్తిరింపుల సరుకు. (తిరుప్పూరుకు వెళ్ళవలసినవాళ్ళు తిరుపతిలో దిగిన కథలు మీరూ వినే ఉంటారు.) ఆ గుడ్డ ఇప్పుడు ఏ పని చేస్తోందో చూసి మనం పేరు పెడతాం. ఇంగ్లీషులో వీటిలో చాలావాటికి ర్యాగ్ ఒక్కటే.

అందుకే అనువాదంలో చిక్కు. ర్యాగ్‌తో బల్ల తుడిచింది అని కథలో ఉంటే, మనవాళ్ళు "పేలికతో తుడిచింది" అని రాసేస్తారు. ఏ ఇల్లాలూ పేలికతో బల్ల తుడవదు, పాతగుడ్డతో తుడుస్తుంది. బహువచనంలో ర్యాగ్స్ అంటే మాత్రం ఎక్కువగా ఒంటి మీది చింకిపాతలు. ఒక్క ఎస్ చేరగానే వంటింటి గుడ్డ మనిషి పేదరికమైపోతుంది. దానికి గ్లాడ్ అని తగిలిస్తే పెళ్ళికి తొడుక్కునే మంచిబట్టలు! అది వాళ్ళ వేళాకోళం.

ఈ మాట స్కాండినేవియా వైపు నుంచి ఇంగ్లీషులోకి వచ్చిందని నిఘంటుకారులు అంటారు. అక్కడ దాని అర్థం చిక్కుపడ్డ బొచ్చు, కుచ్చు. మనం చలికాలంలో కప్పుకునే రగ్గు ఉంది చూశారా, ఇంగ్లీషు రగ్, అదీ దీనికి దాయాదే. కాబట్టి మీ అవ్వకు కూడా ఈ మాట చుట్టం తెలుసు.

నాకు బాగా నచ్చిన సంగతి కాగితం. 19వ శతాబ్దం నడుమ చెక్కగుజ్జు వచ్చేదాకా యూరప్‌లో కాగితం చేసింది నార, నూలు పేలికలతోనే. వీధుల్లో వాటిని ఏరి అమ్మి బతికినవాళ్ళుండేవారు. చిరిగిన చొక్కా తొడుక్కుని అయినా మంచి పుస్తకం కొనుక్కోమని కందుకూరి వీరేశలింగంగారి పేరు మీద ఒక మాట చెప్పుకుంటాం. ఆ చిరిగిన చొక్కానే పుస్తకమైపోయే రోజులు అవి! ఇప్పటికీ మన కరెన్సీ నోటు కాగితం నూటికి నూరుపాళ్ళూ పత్తే. కొండ మీద హుండీలో మనం వేసేది ఒక రకంగా గుడ్డముక్కే. ఇంత గౌరవమున్న మాటను చవకబారు పత్రికను తిట్టడానికీ వాడతారు, అది వేరే సంగతి.

ఇక రాగం గొడవ. అన్నమయ్య రాగిరేకుల మీద కీర్తనతోపాటు రాగం పేరూ చెక్కి ఉంటుంది. ఆ రాగాన్ని హిందుస్తానీవాళ్ళు రాగ్ అంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అదీ ఇదీ ఒకేలా ఉంటాయి, చుట్టరికం మాత్రం లేదు. అమెరికాలో 1890ల్లో నల్లజాతి కళాకారులు పియానో మీద వాయించిన ర్యాగ్‌టైమ్ ఉంది. అది తాళాన్ని చీల్చి, దెబ్బ పడాల్సిన చోట కాకుండా పక్కన వేసే వాయింపు. ఆ మాట చిరుగుల నుంచే వచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట.

ఎద్దుకు ఎర్రగుడ్డ చూపినట్టు అనే నుడికారం కూడా వాళ్ళకుంది. ఎద్దుకు ఎరుపు ప్రత్యేకంగా కనబడదు, దాన్ని రేపేది గుడ్డ కదలిక. సంక్రాంతి రోజుల్లో తిరుపతి దగ్గర మన రంగంపేటలో ఎద్దుల్ని తరిమి పట్టుకునే పశువుల పండుగ చూసినవాళ్ళకు నేను చెప్పేదేముంది? అక్కడ ఎద్దును రేపడానికి ఏ గుడ్డా అక్కర్లేదు, జనం కేకలు చాలు.

ఆ అబ్బాయి ప్రశ్నకు వస్తున్నాను. ఏడిపించడం, తిట్టడం అనే అర్థంలో ర్యాగ్ 18వ శతాబ్దం నుంచి కనబడుతుంది, తర్వాత విద్యార్థుల యాస మాటగా స్థిరపడింది. నిఘంటువులు దాన్ని గుడ్డ ర్యాగ్‌తో కలపకుండా విడిగా ఇస్తాయి. బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో అదే ర్యాగ్ విరాళాలు పోగుచేసే సరదా వారం అయింది. మన దగ్గర నేరమైంది. ఆంధ్రప్రదేశ్ దాని మీద 1997లోనే చట్టం చేసింది, 2009లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం యూజీసీ నిబంధనలు వచ్చాయి. కనుక నాయనా, ర్యాగింగ్‌కూ బట్టలు చింపడానికీ నిఘంటువులో సంబంధం లేదు. హాస్టల్లో ఎవరైనా నీ చొక్కా చింపితే మాత్రం నిఘంటువు కోసం వెతకొద్దు, నేరుగా వార్డెన్ దగ్గరికి వెళ్ళు.

ఇక మీరు అడగండి.