మూడు చోట్ల పీహెచ్‌డీ సీటొస్తే ఏది పట్టుకోవాలి?

[స్క్రీన్ మీద: మెయిల్‌బాక్సులో మూడు ఆఫర్ లెటర్లు]

నమస్కారం. సీటు రాకపోతే ఒక బాధ. మూడు చోట్ల వస్తే ఇంకో రకం టెన్షన్. "ఏర్పేడులోనే ఐఐటీ పెట్టుకుని ఎక్కడికి పోతావు" అని అమ్మ. "బెంగళూరు పేరు వేరబ్బా" అని మేనమామ. ఇద్దరూ చూసేది ఊరినీ పేరునీ. అయిదేళ్లు మీరు గడిపేది మాత్రం ఒక ల్యాబ్‌లో, ఒక గైడ్ కింద. నా లెక్కలో కాలేజీ పేరు ఆ తర్వాతే.

చిత్తూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసిన ఒక అమ్మాయిని అనుకుందాం. ఏర్పేడులో ఉన్న తిరుపతి ఐఐటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బెంగళూరు ఐఐఎస్సీ, మూడూ రమ్మన్నాయి.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. నెట్ పరీక్షతో వచ్చే జూనియర్ ఫెలోషిప్, అంటే జేఆర్ఎఫ్ ఉంటే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) కింద 42,000. 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. జేఆర్ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరితే చేతికొచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకి 8,000 రూపాయలే. అందుకే ఆఫర్ లెటర్‌లో ఏ ఫెలోషిప్, ఎన్నేళ్లు అన్న లైన్ దొరికేదాకా చదవండి. దొరక్కపోతే ఆఫీసుకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

[స్క్రీన్ మీద: 8 – 6 – 4]

తర్వాత గైడ్. యూనివర్సిటీలకి వర్తించే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒకేసారి ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురికి మించి పీహెచ్‌డీ స్కాలర్లు ఉండకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్లు కూడా సర్వీసు లేనివాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. మీరు మనసులో పెట్టుకున్న సార్‌కి ఖాళీ ఉందా లేదా అన్నది వెబ్‌సైట్ చూసి ఊహించొద్దు, నేరుగా అడగండి. కొన్ని చోట్ల చేరాకే గైడ్‌ని కేటాయిస్తారు, అదీ కనుక్కోండి.

ఇవన్నీ ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. క్యాంపస్‌కి వెళ్లాల్సింది కాగితం మీద లేనిదాని కోసం.

[స్క్రీన్ మీద: ఒక ల్యాబ్, పరికరం పక్కన లాగ్‌బుక్]

ల్యాబ్‌లో పెద్ద పరికరం చూపించి "ఇది కోట్ల రూపాయలది" అంటారు. తల ఊపండి, కానీ చూపు పక్కనున్న లాగ్‌బుక్ మీద పెట్టండి. ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటలు వాడారో అందులో రాస్తారు. చివరి ఎంట్రీ పోయిన వారానిదైతే పని నడుస్తోంది. ఎనిమిది నెలల కిందటిదైతే అది రిపేర్ కోసం ఎదురుచూస్తోందని అర్థం, మీ థీసిస్ కూడా దాంతో పాటే ఎదురుచూస్తుంది.

తర్వాత సార్ లేకుండా సీనియర్లతో క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగండి. "సార్ ఎలాంటివారు?" అని మాత్రం అడగొద్దు, "చాలా మంచివారు" అనే వస్తుంది. ఫస్ట్ పేపర్ ఎన్నో ఏట వచ్చింది? డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకి దిద్ది ఇస్తారు? స్టైపెండ్ ఏ నెలదాకా పడింది? మధ్యలో మానేసినవాళ్లు ఉన్నారా? ఈ చివరి ప్రశ్నకి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంటే కాస్త ఆగి ఆలోచించండి.

ఇక ప్రయాణం. దగ్గర ఊరితో మొదలుపెట్టొద్దు, ఏ ఆఫర్ గడువు ముందు ముగుస్తుందో అక్కడికి ముందు వెళ్లండి. తిరుపతి వాళ్లకి పోవడం సులువు, తిరిగి రావడమే కష్టం. వారాంతంలో, ఎండాకాలం సెలవుల్లో తిరుపతికి వచ్చే రైళ్లన్నీ భక్తులతో నిండిపోతాయి. సోమవారం రాత్రి బయల్దేరి బుధవారానికల్లా వచ్చేయండి. వారం మధ్యలో ల్యాబ్ కూడా అసలు రూపంలో కనిపిస్తుంది. హైదరాబాద్‌కి నారాయణాద్రి ఎక్కితే లింగంపల్లి దాకా పోతుంది, సెంట్రల్ యూనివర్సిటీ అక్కడికి దగ్గరే. బెంగళూరుకి చిత్తూరు, పలమనేరు మీదుగా బస్సులకి కొదవలేదు. ఏర్పేడు ఐఐటీకి శ్రీకాళహస్తి బస్సెక్కి దిగొచ్చు. దగ్గరేలే అని అక్కడికి వెళ్లకుండానే వదిలేసేవాళ్లే ఎక్కువ! ఇంటర్వ్యూకి పిలిస్తే ఆ రోజే ల్యాబ్ కూడా చూసేయండి, ఇంకో టికెట్ ఖర్చు తప్పుతుంది.

మాటలో మాట, వాతావరణ శాస్త్రం వైపు ఆసక్తి ఉంటే చిత్తూరు రోడ్డులో గాదంకి దగ్గరున్న జాతీయ వాతావరణ పరిశోధనా సంస్థను మరిచిపోకండి. అంతరిక్ష శాఖ కింద పనిచేస్తుంది, పై వాతావరణాన్ని పరిశీలించే పెద్ద ఎంఎస్‌టీ రాడార్ అక్కడే ఉంది.

గేట్ పరీక్ష స్కోరుతో ఎంటెక్‌లో చేరేవాళ్ల పద్ధతి వేరు. ఐఐటీల ఆఫర్లు కోయాప్ (COAP) అనే ఉమ్మడి పోర్టల్‌లో రౌండ్ల వారీగా వస్తాయి. యాక్సెప్ట్ అండ్ ఫ్రీజ్ నొక్కితే తర్వాతి రౌండ్లు మీకు లేవు. రిటెయిన్ అండ్ వెయిట్ అంటే చేతిలోది ఉంచుకుని ఆగడం. రౌండు మొదలయ్యాక ఊళ్లు తిరిగే టైముండదు, చూడాల్సినవి ముందే చూసి రండి.

[స్క్రీన్ మీద: ఏప్రిల్ 15]

అమెరికా ఆఫరుంటే ఈ తేదీ రాసిపెట్టుకోండి. అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానం మీద సంతకం చేసిన యూనివర్సిటీలు, ఫండింగ్ ఆఫర్‌కి ఏప్రిల్ 15 కంటే ముందే జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. ఫండింగ్ లేని ఎంఎస్ సీట్లకి ఇది వర్తించదు. వెళ్లి చూడలేం కాబట్టి వీడియో కాల్ అడగండి. మార్చి రెండో ఆదివారం వాళ్ల గడియారాలు గంట ముందుకి జరుగుతాయి. ఆ తర్వాత మనకి సాయంత్రం ఏడంటే న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదిన్నర.

ఒకటి ఖాయం చేసుకున్నాక, ఫెలోషిప్ కాగితం చేతికి రాగానే, మిగతా రెండు చోట్లకీ అదే రోజు "నేను చేరడం లేదు, ధన్యవాదాలు" అని మెయిల్ పెట్టేయండి. కారణాలు రాయక్కర్లేదు. అక్కడ వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లు కూడా మీలాగే గంటకోసారి మెయిల్ చూసుకుంటూ ఉంటారు.