వేడి చేసింది అనుకునే ముందు

శ్రోతలకు నమస్కారం.

ఆ మధ్య మూడో నెల గర్భిణి ఒకామె చెకప్‌కి వచ్చింది. బట్టల షాపులో సేల్స్ పని. ఏమ్మా, ఏమైనా ఇబ్బందా అంటే "ఏం లేదు మేడం, బాగానే ఉన్నాను" అంది. పక్కనున్న అత్తగారు మందులు తేవడానికి బయటికి వెళ్ళగానే గొంతు తగ్గించింది. "గంటకోసారి ఒంటికి వెళ్ళాల్సి వస్తోంది మేడం. ఓనర్ ఏమనుకుంటాడోనని పొద్దున్నుంచి నీళ్ళు తాగడం మానేశాను."

వాంతుల గురించి ఊరంతా చెప్పుకుంటాం. దీని దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలదు.

ముందు భయం తీర్చేస్తాను. కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువసార్లు మూత్రానికి వెళ్ళడం జబ్బు కాదు. నెల తప్పిన కొద్ది వారాలకే కిడ్నీలకు రక్తం ఎక్కువగా వస్తుంది, అవి మామూలు కంటే దాదాపు సగం ఎక్కువ వడకడతాయి. పైగా గర్భసంచి ఇంకా కటి ఎముకల మధ్యే ఉండి మూత్రాశయాన్ని నొక్కుతుంటుంది. నాలుగో నెలలో అది పైకి లేస్తే కాస్త తెరిపి. నెలలు నిండేసరికి బిడ్డ తల కిందికి దిగుతుంది, మళ్ళీ అదే వరస. ఇక రాత్రి నిద్ర లేవడం సంగతి. పగలంతా నిలబడితే కాళ్ళలో చేరిన నీరు, పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి కిడ్నీలకు పని పెడుతుంది. సాయంత్రం ఓ అరగంట ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఆ పని చాలావరకు ముందే అయిపోతుంది. పడుకోబోయే ముందు టీ వద్దు. నీళ్ళు మాత్రం తగ్గించకండి, పగలే ఎక్కువ తాగేయండి.

తుమ్మినా, పగలబడి నవ్వినా రెండు చుక్కలు జారడం కూడా చాలామందికి ఉంటుంది. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను ఐదు సెకన్లు బిగించి వదలండి. పదిసార్లు, రోజుకి మూడు పూటలా. రేడియో వింటూ ఇప్పుడే చేయొచ్చు, పక్కవాళ్ళకి తెలియదు కూడా. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి మాత్రం చేయకూడదు. చుక్కలు కాకుండా పల్చటి నీరు ఆగకుండా కారుతుంటే అది ఉమ్మనీరు కావచ్చు, వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి.

ఇప్పుడు అసలు విషయం. మూత్రం మంట అనగానే మన ఇళ్ళలో ఒకటే తీర్పు: వేడి చేసింది. సబ్జా నీళ్ళు, బార్లీ, మజ్జిగ మొదలవుతాయి. వాటి మీద నాకేం కోపం లేదు. నేను కడుపుతో ఉన్నప్పుడు మా అమ్మ కాచిన బార్లీ తాగాను. ఎండలో తిరిగి మూత్రం చిక్కబడితే నీళ్ళతోనే సర్దుకుంటుంది. ఇన్‌ఫెక్షన్ అలా పోదు. గర్భంలో హార్మోన్ల వల్ల మూత్రనాళాలు వదులై మూత్రం నిదానంగా దిగుతుంది. అలా నిలవ ఉన్నచోట పేగుల్లోంచి వచ్చిన ఈ-కోలై లాంటి బాక్టీరియా హాయిగా పెరుగుతుంది, అక్కణ్నుంచి కిడ్నీకి ఎక్కగలదు. నెలలు నిండకుండా కాన్పు కావడానికి అదీ ఒక కారణం. కాబట్టి మంట, పొత్తికడుపు నొప్పి, మూత్రంలో రక్తం కనిపిస్తే డాక్టర్‌కి చూపించుకోండి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి కూడా ఉంటే అదే రోజు వెళ్ళాలి, తెల్లారనీ అనుకోవద్దు. మెడికల్ షాపులో అడిగి బిళ్ళలు వేసుకోవద్దు, కొన్ని యాంటీబయాటిక్స్ గర్భిణులకు పనికిరావు.

చిక్కేమిటంటే, నూటికి 2 నుంచి 10 మంది గర్భిణులకు మంటా జ్వరం ఏమీ లేకుండానే మూత్రంలో బాక్టీరియా ఉంటుంది. మూత్రాన్ని ల్యాబ్‌లో ఉంచి బాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్ టెస్ట్‌లోనే బయటపడుతుంది. టెస్ట్ అనగానే కొందరు ఇంట్లోని పాత మందు సీసా కడిగి అందులో పట్టుకొస్తారు. అలా కాదు, ల్యాబ్ వాళ్ళిచ్చే డబ్బానే వాడాలి. శుభ్రం చేసుకుని, మొదట వచ్చేది వదిలేసి మధ్యలో వచ్చేది పట్టాలి. డబ్బాని కొంగు కింద దాచుకుని వచ్చేవాళ్ళని రోజూ చూస్తాను. అంత సిగ్గెందుకమ్మా, రక్తం సీసా దాచుకుంటామా! మామూలు మూత్ర పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే. 2016 నుంచి ప్రతి నెలా 9న గర్భిణులకు అక్కడ ప్రత్యేకంగా చెకప్‌లు చేస్తున్నారు.

ఆ బట్టల షాపు అమ్మాయికి మంట లేదు, జ్వరం లేదు. కల్చర్‌లో బాక్టీరియా కనిపించింది. రాసిచ్చిన మందు పూర్తిగా వాడింది, మళ్ళీ చేయిస్తే ఏమీ లేదు. ఓనర్‌ని అడిగే ధైర్యం లేక వాళ్ళావిడతో చెప్పిందట. "దీనికి నన్నడగాలా, వెళ్ళి రామ్మా" అందట ఆవిడ. ఇప్పుడు కౌంటర్ కింద నీళ్ళ సీసా పెట్టుకుంటోంది.