కీమో మొదలయ్యేలోపు ఎవరికి ఏ పని అప్పగించాలి: ఓవరీ క్యాన్సర్ పేషెంట్లకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు

నమస్తే. బయాప్సీ రిపోర్టు వచ్చింది, ఓవరీ క్యాన్సర్ అన్నారు, కీమోకి తేదీ కూడా ఇచ్చారు. మొదటి సైకిల్‌కి, అంటే మొదటి విడత కీమోకి, ఇంకా వారమో పది రోజులో ఉంది. ఈ వీడియో ఆ పది రోజుల కోసం. మీది ఏ స్టేజీ, ఎంతవరకు తగ్గుతుంది అన్నవి మీ డాక్టరు మీ స్కాన్ ముందు పెట్టుకుని చెప్పాల్సిన మాటలు, వాటి జోలికి మేం వెళ్లడం లేదు. ఎవరి సాయం ఏ రోజు, ఏ పనికి కావాలో, దాన్ని ముందే ఎలా కుదుర్చుకోవాలో చూద్దాం.

విషయం తెలియగానే ఫోన్లు మొదలవుతాయి. "ఏం కావాలన్నా మొహమాటపడొద్దు, ఒక్క ఫోన్ కొట్టండి" అని అందరూ అంటారు. మనస్ఫూర్తిగానే అంటారు. కానీ కీమో ఎక్కిన నాలుగో రోజు కీళ్ల నొప్పులతో పడుకున్న మనిషికి, ఎవరికి ఫోన్ చేయాలి, ఏం అడగాలి అని ఆలోచించే ఓపిక ఉండదు. అందుకే ఇప్పుడే అడగండి. పని పేరు చెప్పి, తేదీ చెప్పి అడగండి.

అంతకన్నా ముందు ఒక మాట. "అమ్మకి చెప్పొద్దు, గడ్డ అని చెప్పాం" అనే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ప్రేమతోనే దాస్తారు. కానీ తనకి ఎక్కుతున్నది కీమో అని తెలియని మనిషి, ఒళ్లు వెచ్చబడితే మామూలు జ్వరమే కదా అని చెప్పకుండా ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి చెప్పండి. మీకు నోరు రాకపోతే, "మేం పక్కన ఉంటాం, మీరే చెప్పండి" అని డాక్టరుని అడగండి. పిల్లలకి కూడా వాళ్ల వయసుకి తగ్గట్టు, క్యాన్సర్ అనే పేరుతోనే చెప్పండి. ఇది ముట్టుకుంటే అంటుకునే జబ్బు కాదని, వాళ్లు చేసిన అల్లరి వల్ల రాలేదని చెప్పడం మర్చిపోవద్దు.

[గోడ క్యాలెండర్ దగ్గరగా]

ఇప్పుడు క్యాలెండర్ తీసుకోండి. ఫోన్‌లోది కాదు, వంటగదిలో అందరికీ కనిపించే గోడ క్యాలెండర్. ఓవరీ క్యాన్సర్‌కి ఎక్కువమందికి ఇచ్చే మందులు రెండు: పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్. 21 రోజులకొకసారి, మొత్తం 6 సైకిళ్లు. కొందరికి ముందు 3 సైకిళ్లు ఇచ్చి, ఆపరేషన్ చేసి, తర్వాత 3 ఇస్తారు. కొందరికి పాక్లిటాక్సెల్ వారం వారం ఇస్తారు. మీ ప్లాన్ ఏదో కాగితం మీద రాయించుకోండి. ఇక్కడ మేం 21 రోజుల లెక్కతో చూపిస్తున్నాం.

కీమో ఎక్కే రోజు 1వ రోజు. పాక్లిటాక్సెల్‌కి దాదాపు 3 గంటలు, కార్బోప్లాటిన్‌కి అర గంట నుంచి గంట పడుతుంది. ముందు ఇచ్చే ఇంజెక్షన్లు, బెడ్ కోసం ఎదురుచూడటం కలుపుకుంటే ఉదయం వెళ్లినవాళ్లు సాయంత్రానికే బయటపడతారు. ఈ రోజుకి ఒక మనిషి పూర్తిగా కావాలి. "దింపేసి ఆఫీసుకి పోతా" అంటే కుదరదు. పాక్లిటాక్సెల్ మొదలైన తొలి పది పదిహేను నిమిషాలు పక్కనే కూర్చోవాలి. మొహం ఎర్రబడినా, ఛాతీ పట్టేసినట్టున్నా, ఊపిరి ఆడకపోయినా వెంటనే సిస్టర్‌ని కేకేయాలి. సూది గుచ్చిన చోట మంటగా ఉందంటే ఓర్చుకోమని చెప్పకండి. మందు నరం బయటికి కారితే చర్మం దెబ్బతింటుంది.

ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు, అది ముందుగా ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల. షుగర్ ఉన్నవాళ్లకి దాంతో షుగర్ బాగా పెరుగుతుంది. రెండు మూడు రోజులు ఇంట్లో ఎక్కువసార్లు చెక్ చేసే పని ఒకరికి అప్పగించండి.

2 నుంచి 5వ రోజు దాకా నొప్పులు, నీరసం, వికారం. వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ మలబద్ధకం చేస్తుంది, అందుకే విరేచనం సాఫీగా అవడానికి మందు ముందే రాయించుకోండి. కానీ ఓవరీ క్యాన్సర్‌లో ఇక్కడొక జాగ్రత్త ఉంది. కడుపు ఉబ్బిపోయి, వాంతులు ఆగక, గ్యాస్ కూడా పోవడం లేదంటే అది మామూలు మలబద్ధకం కాకపోవచ్చు, పేగు మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు ఇంట్లో విరేచనాల మందు ఇవ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక 7వ రోజు నుంచి 14వ రోజు వరకు ఎర్ర పెన్నుతో గీత గీయండి. చాలామందికి తెల్ల రక్తకణాలు బాగా పడిపోయేది ఈ రోజుల్లోనే. తమాషా ఏమిటంటే, అప్పటికి మనిషి కాస్త తేరుకుని నవ్వుతూ తిరుగుతుంటుంది. తోడుగా వచ్చినవాళ్లు "బాగానే ఉంది కదా" అని ఊరికి వెళ్లిపోతారు. వెళ్లకూడనిది అప్పుడే. మీ అక్కో, వదినో వారం రోజులే ఉండగలనంటే, కీమో ముందు రోజు కాదు, 6వ రోజు సాయంత్రం రమ్మనండి.

[థర్మామీటర్ చేతిలో]

ఎర్ర గీత ఉన్న రోజుల్లో థర్మామీటర్ మంచం పక్కనే ఉండాలి. డిజిటల్‌ది, నాలుక కింద పెట్టేది. టీ తాగాక ఇరవై నిమిషాలు ఆగి చూడండి. చంకలో పెడితే అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. 100.4 ఫారెన్‌హీట్ వచ్చినా, వణుకు పుట్టినా, రాత్రి ఒంటిగంట అయినా సరే, బయల్దేరాలి. "ఒక డోలో వేసుకుని పొద్దున చూద్దాం" అన్నది మన ఇళ్లలో అందరూ అనే మాట, కీమోలో అంతకన్నా ప్రమాదకరమైన మాట లేదు. డోలో జ్వరాన్ని దించుతుంది, ఇన్ఫెక్షన్‌ని కాదు. ఒంటికి జ్వరం తగ్గినట్టు కనిపిస్తుంటే లోపల అది రక్తంలోకి పాకుతుంటుంది. ఎమర్జెన్సీలో కాలు పెట్టగానే మొదటి వాక్యం "కీమో పేషెంట్, జ్వరం" అని ఉండాలి. వెళ్లిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. ఈ వాక్యం, కీమో ఎక్కిన తేదీ, మందుల పేర్లు ఒక అట్ట మీద రాసి ఆధార్ కార్డుతో కలిపి పెట్టండి.

రాత్రి ఎవరు తీసుకెళ్తారన్నది ఇప్పుడే తేల్చండి. కారున్న పక్కింటాయన పేరు ఒకటి, ఆయన ఊళ్లో లేకపోతే రెండో పేరు, ఆ తర్వాత 108. ఆ ఇద్దరికీ ముందే చెప్పండి: "అన్నా, ఈ తేదీల మధ్య రాత్రిపూట ఫోన్ సైలెంట్‌లో పెట్టొద్దు." ఇలా తేదీ చెప్పి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. కీమో ఇచ్చే సెంటర్‌లో రాత్రి ఎమర్జెన్సీ లేకపోతే, ఏ ఆసుపత్రికి వెళ్లాలో డాక్టరునే అడిగి అదే అట్ట మీద రాయండి.

18 నుంచి 20వ రోజు మధ్య రక్త పరీక్ష: సీబీసీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్. కార్బోప్లాటిన్ డోసు కిడ్నీల పనితీరు చూసి లెక్కగడతారు, అందుకే క్రియాటినిన్ మానకూడదు. కౌంట్స్, అంటే రక్తకణాల సంఖ్య, చాలకపోతే కీమో వారం వాయిదా వేస్తారు. ఇది చాలామందికి జరిగేదే, జబ్బు ముదిరిందని కాదు. కౌంట్స్ కోసం ఇంజెక్షన్ రాస్తే దాన్ని ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కాదు, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కీమో అయిన 24 గంటల లోపల వేయకూడదు. ఎముకలు లాగుతాయి, అది ఆ ఇంజెక్షన్ పనే.

క్యాలెండర్ అయింది, ఇప్పుడు ఇల్లు. మన ఇళ్లలో ఈ జబ్బు వచ్చిన మనిషే చాలాసార్లు ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనిషి. ఆమెకి "రెస్ట్ తీసుకో" అని చెప్పి, తొమ్మిదింటికి క్యారేజీ ఎవరు కడతారో చెప్పకపోతే, ఆమె లేచి పొయ్యి ముందు నిలబడుతుంది. ఆమె పొద్దున్నుంచి రాత్రి దాకా చేసే పనులన్నీ ఆమెనే అడిగి రాసుకోండి. పాల ప్యాకెట్టు, పిల్లల డబ్బా, అత్తగారి బీపీ మాత్ర, గ్యాస్ బుకింగ్, అన్నీ. ఒక్కో పని పక్కన ఒక్కో పేరు. తోటికోడలు రోజూ రాలేకపోవచ్చు, కానీ మంగళ, శుక్రవారాలు రెండు కూరలు పంపగలదు. ఎర్ర గీత రోజుల్లో ఆ కూరలు వేడివేడిగా ఉండాలి, బండి మీద కోసిన పండ్లు, పానీపూరీ వద్దు. నోట్లో పుళ్లు ఉంటే ఆవకాయ, మిరపకారం నిప్పులా మండుతాయి. పెరుగన్నం, మెత్తటి పప్పు, ఇడ్లీ చెప్పండి.

పాక్లిటాక్సెల్ వల్ల రెండు మూడు సైకిళ్లు గడిచేసరికి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలవుతుంది. జాకెట్టు హుక్స్ పట్టు చిక్కవు, వేడి గిన్నె కాలుతున్నా తెలియదు. కాబట్టి గంజి వార్చే పని ఆమెది కాదు. ఈ తిమ్మిరి సంగతి ప్రతిసారీ డాక్టరుకి చెప్పండి, డోసు మార్చాలా వద్దా అని చూస్తారు.

ఫోన్లు ఒక్కరే ఎత్తాలి. మరిదో, పెద్ద కూతురో. వాట్సాప్ గ్రూపులో వారానికొకసారి రెండు లైన్లు పెడితే చాలు: కీమో అయింది, కౌంట్స్ ఫలానా, ఈ వారం చూడటానికి రావద్దు. పసరు మందు, తిప్పతీగ కషాయం, ఫలానా ఊళ్లో వైద్యుడు అంటూ వచ్చే ఫార్వర్డులన్నీ ఆ ఒక్కరి దగ్గరే ఆగిపోవాలి. డాక్టరుకి చెప్పకుండా ఏ మూలికా కలపొద్దు, కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి.

డబ్బు సంగతి. రేషన్ కార్డు ఉంటే ముందు ఆరోగ్యశ్రీ. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర కార్డు, ఆధార్, బయాప్సీ, స్కాన్ రిపోర్టులు ఇస్తే అప్రూవల్‌కి పెడతారు. అది వచ్చాకే మొదలుపెట్టండి, చేతి నుంచి కట్టేశాక వెనక్కి తెచ్చుకోవడం కష్టం. హైదరాబాద్‌లో అయితే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, లక్డీకాపూల్ మెట్రోకి దగ్గర. పంజాగుట్టలో నిమ్స్, బంజారాహిల్స్‌లో బసవతారకం ఉన్నాయి. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ పనులు చూసే టీపీఏ డెస్క్‌లో "కీమో డే కేర్ కింద కవర్ అవుతుందా, ప్రతి సైకిల్‌కి విడిగా అప్రూవల్ కావాలా" అని అడగండి. ప్రతి ఒరిజినల్ బిల్లూ దాచండి, సీఎం రిలీఫ్ ఫండ్‌కి అవే అడుగుతారు. జిల్లాల నుంచి రైల్లో వచ్చేవాళ్లకి, తోడుగా వచ్చే ఒకరికి టికెట్‌లో రాయితీ ఉంది. రైల్వే ఫారం మీద ఆసుపత్రి సంతకం, ముద్ర ఉండాలి. ఆడవాళ్లకి సిటీ బస్సు ఉచితమే, కానీ ఎర్ర గీత రోజుల్లో ఆ రద్దీలో ఎక్కొద్దు, ఆటో పెట్టుకోండి.

ఇంట్లోవాళ్లతో చెప్పుకోలేని భయాలుంటాయి. "నా కూతురికీ వస్తుందా" అన్నది అందులో పెద్దది. దానికి దారి ఉంది: బీఆర్‌సీఏ జన్యు పరీక్ష. ఫలితాన్ని బట్టి మీ తర్వాతి మందులూ మారొచ్చు, అక్కచెల్లెళ్లు, కూతుళ్లు ఏం జాగ్రత్తపడాలో కూడా తెలుస్తుంది. డాక్టరు ఆ మాట ఎత్తకపోతే మీరే అడగండి. రాత్రి గుండె దడగా ఉంటే, ఏడుపు ఆగకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు. నొప్పి, వికారం అదుపులోకి రాకపోతే పాలియేటివ్ కేర్ డాక్టరుని చూపించమనండి. అది చివరి రోజులవాళ్లకే అనుకుని చాలామంది అనవసరంగా బాధ పడతారు. కీమో నడుస్తుండగానే తీసుకోవచ్చు.

ఇదే జబ్బుకి కీమో పూర్తి చేసుకున్న ఒకావిడతో మాట్లాడటం ఇచ్చే ధైర్యం చుట్టాలు ఇవ్వలేరు. డే కేర్ సిస్టర్‌ని అడగండి, ఆవిడ ఒప్పుకుంటే కలుపుతారు. ఆవిడని తిండి, నిద్ర, నొప్పుల గురించి అడగండి. స్టేజీలు, సీఏ 125 అనే రక్త పరీక్ష అంకెలు పోల్చుకోకండి. ఓవరీ క్యాన్సర్‌లోనే రకాలున్నాయి, ఆవిడ అంకె మీకు వర్తించదు. ఆన్‌లైన్ గ్రూపుల్లో పేరు, ఆసుపత్రి నంబరు కనిపించేలా రిపోర్టు పెట్టొద్దు.

జుట్టు మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకి ఊడుతుంది. దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చేదాకా ఆగకుండా ముందే పొట్టిగా కత్తిరించుకుంటే మనసుకి కొంత తేలిక. గుండు చేయించుకోవాలంటే ట్రిమ్మర్‌తోనే, బ్లేడు వద్దు, గాటు పడితే కౌంట్స్ తక్కువున్నప్పుడు అదే ఇన్ఫెక్షన్ అవుతుంది. "తిరుపతి వెళ్లొచ్చారా" అని వీధిలో అడుగుతారు. అవునని చెప్పాలా, ఉన్నది చెప్పాలా అన్నది ఆమె ఇష్టం. ఆమె ఏది చెప్తే ఇంట్లోవాళ్లంతా అదే చెప్పండి.

రేపు ఓపీకి వెళ్లినప్పుడు ఒక కాగితం మీద ఈ నాలుగూ రాసుకెళ్లి జవాబులు పక్కనే రాయించుకోండి: రాత్రి జ్వరమొస్తే ఫోన్ చేయాల్సిన నంబరు, వెళ్లాల్సిన ఎమర్జెన్సీ, ఇప్పుడు వాడుతున్న బీపీ, షుగర్, రక్తం పలచబడే మాత్రల్లో ఏవి ఆపాలి, కీమో రోజు ఇంటి దగ్గర టిఫిన్ తిని రావాలా వద్దా.