పుట్టిల్లు పాతపట్నం, మెట్టినిల్లు పర్లాకిమిడి: కాన్పు ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తుంది?

[దృశ్యం: బల్లమీద తెరిచి ఉంచిన తల్లీబిడ్డల రక్షణ కార్డు. ఒడియా అక్షరాలు.]

వ్యాఖ్యానం: ఇది మా వదిన మొదటి కాన్పు నాటి కార్డు. గర్భిణి పరీక్షల గడులు ఏడో నెల వరకు నిండి ఉన్నాయి, బిడ్డ టీకాల గడులు మాత్రం అన్నీ ఖాళీగా ఉన్నాయి. చూసినవారెవరైనా టీకాలు వేయించలేదనే అనుకుంటారు. నిజానికి తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకువెళ్లే ఆనవాయితీ ప్రకారం ఆమె ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్లారు, టీకాలన్నీ అక్కడిచ్చిన తెలుగు కార్డులో నమోదయ్యాయి.

[దృశ్యం: గజపతి, శ్రీకాకుళం జిల్లాల పటం.]

వ్యాఖ్యానం: ప్రభుత్వం ఇచ్చే నగదు, పోషకాహారం తల్లీబిడ్డల ఆరోగ్యాన్ని ఎంతవరకు మార్చాయన్నది పీహెచ్‌డీ ముగించుకున్న పరిశోధకులు, అంటే పోస్ట్‌డాక్టరల్ స్థాయివారు, ఏళ్ల తరబడి తరచి చూసే ప్రశ్న. ఒడిశాలో ఆసుపత్రి కాన్పులు 2005-06లో 35.6 శాతం ఉండగా 2019-21 నాటికి 92.2 శాతానికి చేరాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అయితే అదే కాలంలో రోడ్లు, ఫోన్లు, 108 వాహనాలు, ఆడపిల్లల చదువు కూడా పెరిగాయి కాబట్టి ఈ పెరుగుదలలో నగదు పథకాల వాటా ఎంతో విడదీయడం తేలిక కాదు.

అందుకే పరిశోధకుల చూపు సరిహద్దుపై పడుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ రెండు ఊళ్లూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే; నేటికీ బంధుత్వాలు, తిండి, వ్యవసాయ పనులు చాలావరకు ఒకటే, నియమాలు మాత్రం వేరు. 2005లో మొదలైన జననీ సురక్ష యోజన కింద ఆసుపత్రిలో ప్రసవించిన గ్రామీణ స్త్రీకి ఒడిశాలో 1,400 రూపాయలు, ఆంధ్రలో అర్హులకు 700 రూపాయలు నిర్ణయించారు. ఒడిశా 2011లో తెచ్చిన మమత పథకం 19 ఏళ్లు నిండిన తల్లికి మొదటి రెండు కాన్పులకూ 5,000 రూపాయల చొప్పున విడతలుగా ఇచ్చింది. 2017 నాటి కేంద్ర పథకం ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి బిడ్డకే పరిమితం కాగా, ఒడిశా అప్పట్లో దాన్ని తీసుకోకుండా మమతనే కొనసాగించింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు రెండోసారి గర్భవతి అయిన స్త్రీకి పర్లాకిమిడిలో డబ్బు వచ్చేది, ఆటోలో కాసేపటి దూరంలోని పాతపట్నంలో మాతృ వందన కింద వచ్చేది కాదు.

మొదటి కాన్పుకూ రెండో కాన్పుకూ మధ్య తేడాను సరిహద్దు గీతకు ఇటూ అటూ కొలిచి, ఆ రెండు తేడాలను పోల్చితే, మిగిలేది పథకం ప్రభావమని పరిశోధకులు లెక్కగడతారు. పద్ధతి ముచ్చటైనదే, కాకపోతే అది స్త్రీలు కదలకుండా ఉంటారన్న ఊహ మీద నిలబడింది. ఈ డబ్బు ఉద్దేశం కేవలం ఆసుపత్రికి రప్పించడం కాదు, నెలలు నిండిన స్త్రీ కూలికి వెళ్లకుండా విశ్రాంతి తీసుకోగలిగేలా కోల్పోయిన కూలిలో కొంత పూడ్చడం కూడా. ఆ విశ్రాంతి దొరికేది పుట్టింట్లో అయితే, దాని ఫలితం ఏ రాష్ట్రం పద్దులో రాయాలి?

ఇంటింటి సర్వేలో ‘మీరెక్కడ ఉంటారు’ అని అడిగి ఊరుకుంటే చాలదని నా అభిప్రాయం. గర్భిణిగా పేరు ఎక్కడ రాయించుకున్నారు, పురుడు ఎక్కడ పోశారు, టీకాలు ఎక్కడ వేయించారు అని విడివిడిగా అడగాలి, ఇంట్లో ఉన్న కార్డులన్నీ బయటికి తీయించాలి. కొరాపుట్ జిల్లా కొటియా గ్రామాల్లో, రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న చోట, ఒకే ఇంట్లో రెండు ప్రభుత్వాల రేషన్ కార్డులు కనిపిస్తాయి కాబట్టి అక్కడ ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

[దృశ్యం: మొదటి కార్డు పక్కన రెండో కార్డు.]

వ్యాఖ్యానం: ఇది వదిన రెండో కాన్పు నాటిది. ఈసారి పురుడు మెట్టినూరు పర్లాకిమిడిలోనే పోశారు. గడులన్నీ నిండాయి, మమత విడతలన్నీ ఖాతాలో పడ్డాయి. మొదటి బిడ్డప్పుడు టీకాల గడులు ఖాళీగా ఉండటంతో చివరి విడత ఆగిపోయింది. ఈ రెండు కార్డులనే పట్టికలోకి ఎక్కిస్తే, మొదటి బిడ్డకు ఒక్క టీకా పడనట్టు, రెండో బిడ్డకు అన్నీ పడినట్టు కనిపిస్తుంది.

[దృశ్యం: మూడో కార్డు, తెలుగులో. టీకాల గడులన్నీ నిండి ఉన్నాయి.]