కొమ్ము ఊదితే చరిత్ర అయిపోతుందా?

సభకు నమస్కారం.

చరిత్ర సీరియళ్ళ నేపథ్య సంగీతం గురించి మాట్లాడమన్నారు. ఉపోద్ఘాతం పెట్టుకోను. ఎండాకాలం నెల్లూరులో కరెంటును నమ్ముకుని ఉపోద్ఘాతాలు చెప్పకూడదు.

ఇవాళ టీవీలో ఏ రాజుల సీరియలైనా పెట్టి, కళ్ళు మూసుకుని వినండి. ముందు శంఖం. ఆ వెనకే డోళ్ళు. ఆ పైన ఓ యాభైమంది కలిసి ‘ఆ...’ అని గొంతెత్తుతారు. మౌర్యులకీ అదే, మరాఠాలకీ అదే, మొగలులకైతే ఆ పైన కాస్త సారంగి. నిజానికి ఆ యాభైమంది కూడా ఉండరు, అంతా కీబోర్డులోంచే వస్తుంది. రాత్రి ఎనిమిదింటికి అత్తాకోడళ్ళ సీరియల్లో తలుపు తెరుచుకున్నప్పుడు వినిపించే మోత కూడా దాదాపు ఇదే. కోటకీ వంటింటికీ ఒకటే వాయింపు అయితే మరి సంగీత దర్శకుడెందుకయ్యా అనిపిస్తుంది నాకు.

‘ఆ కాలం సంగీతం ఇలా ఉండదు’ అని కొందరు పండితులు కోప్పడతారు. ఆ కోపంతో నాకు పేచీ ఉంది. ఆ కాలం సంగీతం ఎలా ఉండేదో విన్నవాళ్ళెవరు? సముద్రగుప్తుడు తన బంగారు నాణేల మీద వీణ వాయిస్తూ కూర్చుని ఉంటాడు. అది మనం ఎరిగిన వీణ కాదు, విల్లులా వంగి ఉంటుంది. అమరావతి శిల్పాల్లోనూ అలాంటి వంపు వీణలే కనిపిస్తాయి. ఆ వాయిద్యం మన కచేరీల్లోంచి ఎప్పుడో మాయమైంది. ఇవాళ మన ఇళ్ళల్లో ఉండే వీణ, ఇరవైనాలుగు మెట్లతో, తంజావూరులో 17వ శతాబ్దంలో స్థిరపడింది. సితార్, తబలా ఇప్పుడున్న రూపానికి వచ్చింది 18వ శతాబ్దంలో. చంద్రగుప్త మౌర్యుడి కొలువులో సితార్ మోగించారంటే రెండు వేల ఏళ్ళ తేడా వచ్చేసిందన్నమాట.

అయినా మనకు తేడా తెలియదు. ఎందుకు తెలియదో మన పద్య నాటకాన్ని చూస్తే అర్థమవుతుంది. ద్వాపరయుగంలో కృష్ణుడు రాయబారానికి వెళ్తాడు, పక్కన హార్మోనియం శ్రుతి పడుతుంది. ఆ పెట్టె 1840లలో పారిస్‌లో పుట్టింది. మన శాస్త్రీయ సంగీతానికి పనికిరాదని ఆకాశవాణి 1940లో దాన్ని బయటికి పంపి, 1971 దాకా గడప తొక్కనివ్వలేదు. రేడియో వెళ్ళగొట్టినా మన నాటకం దాన్ని వదల్లేదు. ఒంగోలు నుంచి గూడూరు దాకా ఏ తిరునాళ్ళకైనా వెళ్ళండి, హార్మోనియం లేకుండా కృష్ణుడు నోరు విప్పడు. జనానికి అదే ద్వాపరం. అంచేత వాయిద్యం వయసు లెక్కపెట్టడం దండగ. ఆ శబ్దాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చారు, ఎందుకు తెచ్చారు అన్నదే నేను అడుగుతాను.

ఈ ప్రశ్న వేసుకుని పనిచేసిన మనిషి ఒకాయన ఉన్నాడు. సంగీత దర్శకుడు వనరాజ్ భాటియా. లండన్‌లో రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చదివాడు, ఆ తర్వాత పారిస్‌లో సంగీత గురువు నాదియా బులాంజే దగ్గర నేర్చుకున్నాడు. బొంబాయికి తిరిగొచ్చి వేల సంఖ్యలో ప్రకటనలకు జింగిల్స్ కట్టాడు. శ్యామ్ బెనెగల్ సినిమాలు చాలావాటికి ఆయనే సంగీతం. బెనెగల్ 1978లో తెలుగులో తీసిన ‘అనుగ్రహం’కీ ఆయనే. దేశ విభజన మీద గోవింద్ నిహలానీ తీసిన ‘తమస్’ సంగీతానికి ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది. 2012లో పద్మశ్రీ ఇచ్చారు, 2021లో పోయారు. నేను చెప్పబోయేది మాత్రం 1988లో దూరదర్శన్‌లో మొదలైన ‘భారత్ ఏక్ ఖోజ్’ గురించి. నెహ్రూ అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉండి రాసిన పుస్తకం ఆధారంగా బెనెగల్ తీసిన 53 భాగాల సీరియల్ అది.

అయిదు వేల ఏళ్ళ చరిత్రకి ఒక టైటిల్ సంగీతం కట్టాలి. ఎక్కడ మొదలెడతారు? భాటియా ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం తీసుకున్నాడు. ‘నాసదాసీన్నో సదాసీత్ తదానీం.’ అప్పుడు అసత్తూ లేదు, సత్తూ లేదు. ముందు సంస్కృత మంత్రం, ఆ తర్వాత దాని హిందీ అనువాదం బృందగానంగా వస్తుంది.

ఇందులో రెండు సంగతులు గమనించండి. మొదటిది శబ్దం. రాజుల కొలువుల్లో పాడిన పాటలు పోయాయి, వంపు వీణలు పోయాయి. వేదం చదివే పద్ధతి మాత్రం పోలేదు. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అని ఆ మూడు స్వరాల మధ్యే నడుస్తుంది. ఒక్క అక్షరం తప్పితే గురువు ఊరుకోడు. పదాలను ముందుకీ వెనక్కీ తిప్పి చదివించే ఘనపాఠం లాంటివి పెట్టుకున్నదే తప్పు దొర్లకుండా. అంటే అంత పాతకాలం నుంచి నోటికి నోరుగా, చెవికి చెవిగా మన దాకా వచ్చిన శబ్దం దేశంలో ఏదైనా ఉందంటే అది ఇదే. పారిస్‌లో హార్మొనీ నేర్చుకున్న మనిషి, ముందు దానికి కుర్చీ వేశాడు. ఆ శబ్దం వినాలంటే మనం ఎక్కడికో పోనక్కర్లేదు. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు మన ఊళ్ళో తిప్పరాజువారి వీధిలోని ఇల్లు 2020లో వేద పాఠశాల కోసమే కంచి పీఠానికి ఇచ్చారు కదా.

రెండోది అర్థం. నాసదీయ సూక్తం చివర ఏమంటుంది? ఈ సృష్టి ఎలా పుట్టిందో పైనుండి చూసేవాడికి తెలుసేమో, ఏమో, ఆయనకీ తెలియదేమో అంటుంది. చరిత్ర చెప్పబోతూ ‘మాకు తెలియదు’ అని మొదలెట్టిన సీరియల్ మరొకటి నేను చూడలేదు. ముగింపు టైటిల్స్‌కి హిరణ్యగర్భ సూక్తం పెట్టారు. అందులోనూ పదేపదే వచ్చేది ప్రశ్నే. ‘కస్మై దేవాయ హవిషా విధేమ’, ఏ దేవుడికి హవిస్సు ఇవ్వాలి అని. శంఖాలూ డోళ్ళూ ఇలా ప్రశ్న అడగలేవు. వాటికి ప్రకటించడమే తెలుసు.

అదే ఏడాది అక్టోబరు 2న బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ మొదలైంది. రాజ్ కమల్ సంగీతం, మహేంద్ర కపూర్ గొంతు. అందులో శంఖం దద్దరిల్లిపోతుంది. దాన్ని నేను తప్పుపట్టను. అది కురుక్షేత్రం, అక్కడ శంఖానికి పని ఉంది. ఎవరి శంఖం పేరేమిటో గీతలోనే చెప్పారు. నా గొడవల్లా ఆ శంఖాన్ని అక్కణ్ణుంచి ఎత్తుకొచ్చి ఊరూరా ఊదుతున్నవాళ్ళతోనే.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. రేపు ఎవరైనా కాటమరాజు కథ సీరియల్‌గా తీస్తే ఏం సంగీతం పెడతారు?

కథ మీకు తెలిసిందే. 13వ శతాబ్దం. కాటమరాజు ఆలమందల్ని తోలుకుని నెల్లూరు సీమ పచ్చిక బయళ్ళకు వస్తాడు. నెల్లూరు రాజు మనుమసిద్ధితో పుల్లరి, అంటే మేత పన్ను దగ్గర పేచీ వస్తుంది. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం. ఈ కథను కొమ్మువాళ్ళు వీరణమనే డోలు వాయిస్తూ, కొమ్ము ఊదుతూ తరతరాలుగా పాడుతున్నారు. కొమ్ముకి రంధ్రాలుండవు. ఊదేవాడి పెదవి బిగువును బట్టి పలికేవి నాలుగైదు స్వరాలే. అందుకే దానితో రాగం తీయలేరు, పిలుపు మాత్రమే చేయగలరు. ఆ పిలుపు మందకీ పనికొస్తుంది, యుద్ధానికీ పనికొస్తుంది. పశువులు ప్రశాంతంగా మేస్తున్నప్పుడు వినిపించిన కొమ్మే సైన్యం కదిలినప్పుడూ వినిపిస్తే, ఈ యుద్ధం దేనికోసమో డైలాగు లేకుండా తెలిసిపోతుంది. కీబోర్డులో మెడగంటలూ, వీరణం దరువూ దొరకవు. వాటిని కందుకూరు, కనిగిరి వైపు వెళ్ళి రికార్డు చేసుకు రావాలి. ఆ పాడేవాళ్ళకు పేరూ వేయాలి, డబ్బూ ఇవ్వాలి. ఈ మాట గట్టిగానే చెప్తున్నాను, ఎందుకంటే జానపదం అనగానే ఫ్రీగా వస్తుందని మనవాళ్ళకో నమ్మకం.

ఆ యుద్ధంలోంచే మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన వెనక్కి వస్తాడు. మన తిక్కన సోమయాజికి అన్నదమ్ముల వరుస. ఓడి ఇంటికొచ్చిన మగడికి భార్య చానమ్మ స్నానానికి నీళ్ళు పెడుతుంది. మగవాళ్ళ చోట కాదు, మంచం అడ్డం పెట్టి, పసుపు ముద్ద కూడా ఉంచుతుంది. ఇదేమిటని అడిగితే, వెన్ను చూపి వచ్చావు, ఇంట్లో ఇప్పటికి ముగ్గురం ఆడవాళ్ళమయ్యాం కదా అంటుంది. భోజనం దగ్గర తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించి ‘పాలున్ విరిగెన్’, నీలాగే పాలూ విరిగాయి అంటుంది. ఆయన తిరిగి యుద్ధానికి వెళ్ళి అక్కడే చనిపోతాడు.

ఈ సీను ఇప్పటి పద్ధతిలో ఎలా తీస్తారో చెప్పనా? పసుపు ముద్ద మీద ఒక దరువు, తిక్కన ముఖం మీద మూడు దరువులు, తల్లి ముఖం మీద వయొలిన్లు, మళ్ళీ తిక్కన. మధ్యలో రెండు యాడ్స్.

నాకైతే అక్కడ సంగీతమే వద్దు. మంచంకోడు నేల మీద ఈడ్చిన చప్పుడు రావాలి. గంగాళంలోకి నీళ్ళు పోస్తున్న చప్పుడు రావాలి, అది కొంచెం ఎక్కువసేపే రావాలి. తిక్కనకి విషయం అర్థం కాకముందే చూసేవాళ్ళకి అర్థమై టెన్షన్ పుట్టాలి. ఆ మంచం చాటున ఏముందో చూడకుండానే తెలియాలి.

చానమ్మ చెప్పేది కంద పద్యం. దాన్ని నాటకం బాణీలో రాగం తీసి పాడితే వన్స్‌మోర్‌లు పడతాయి, తిక్కన అవమానం మాత్రం గాలికి పోతుంది. మామూలు మాటలా అనేస్తే పద్యం నడక చచ్చిపోతుంది. శ్రుతి మాత్రం పెట్టుకుని, రాగం లేకుండా, యతి దగ్గర ఆగి చెప్తే సరిపోతుందని నా ఆలోచన. ఆ శ్రుతి హార్మోనియంది కావాలా, తంబురాది కావాలా అన్నది ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ఈ హాల్లో పద్యం పాడేవాళ్ళు నాకన్నా తెలిసినవాళ్ళే ఉన్నారు. ఒకరిద్దరు లేచి రెండు రకాలుగానూ చెప్పి వినిపిస్తే నేను కూర్చుని వింటాను. మైకు ఇటు ఇవ్వండి బాబూ.